పస్కా రొట్టె, యవల రొట్టె, పులిపిండి: బైబిలు దేశాల రొట్టె గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిలులో రొట్టె మాటిమాటికీ కనిపిస్తుంది. అయినా ఆ రొట్టె ఏ ధాన్యంతో చేశారు, ఏ నెలలో కోసిన పంట, ఎలా విసిరారు, పులిసిందా లేదా, ఏ పొయ్యిలో కాల్చారు అన్నది తెలియకుండానే చాలా వచనాలు చదివేస్తుంటాం. ఆ వివరాలు తెలిస్తే ప్రసంగంలో అరగంట వివరించాల్సిన విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. సండే స్కూలు చెప్పేవాళ్లు, ప్రభు బల్లకు రొట్టె సిద్ధం చేసేవాళ్లు, పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. పాత కొలతలకు పండితుల లెక్కలు రకరకాలుగా ఉన్నాయి. ఇక్కడ ఏఫా అంటే సుమారు 22 లీటర్లు, షెకెలు అంటే సుమారు 11.4 గ్రాములు అని తీసుకున్నాం.

ఆ ప్రాంతంలో రొట్టె ఎప్పటి నుంచి ఉంది?

వ్యవసాయం కంటే ముందు నుంచే ఉంది. జోర్డాను ఈశాన్యంలోని షుబైకా అనే చోట రాతి పొయ్యిల్లో మాడిపోయిన రొట్టె తునకలు దొరికాయి. వాటి వయసు సుమారు 14,400 ఏళ్లు. 2018లో ఈ సంగతి ప్రచురితమైంది. అడవి గోధుమ జాతి గింజల పిండిలో ఒక రకం తుంగ దుంపల పిండి కలిపి చేసిన పల్చటి రొట్టె అది. గలిలయ సముద్రం ఒడ్డున ఓహాలో అనే చోట ఇంకా పాత ఆనవాళ్లున్నాయి. 23,000 ఏళ్ల నాడే అక్కడి మనుషులు అడవి యవలు (బార్లీ), గోధుమలు ఏరి తెచ్చి రాతి మీద నూరుకున్నారు. సాగు గోధుమకు మూలమైన అడవి ఎమ్మర్ గోధుమను 1906లో ఆరన్ ఆరన్‌సోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించింది కూడా గలిలయలోనే, రోష్ పిన్నా దగ్గర. అబ్రాహాము కనాను దేశానికి వచ్చేనాటికే అక్కడి రొట్టెకు వేల ఏళ్ల వయసుంది.

గోధుమ రొట్టె, యవల రొట్టె: తేడా రుచిలోనేనా?

రుచిలోనూ ఉంది, ధరలోనూ ఉంది. అసలు సంగతి ధరే. రెండవ రాజులు 7వ అధ్యాయంలో ఒక మానిక గోధుమపిండి పలికిన ధరకే రెండు మానికల యవలు వస్తాయి. ప్రకటన 6వ అధ్యాయంలో ఒక దేనారానికి ఒక సేరు గోధుమలు లేదా మూడు సేర్ల యవలు. దేనారం ఒక కూలివాడి రోజు కూలి. అంటే రోజంతా చెమటోడ్చినవాడు గోధుమ కొంటే తనొక్కడి కడుపే నిండుతుంది, యవలు కొంటే పిల్లలకూ కాస్త మిగులుతుంది. సొలొమోను గుర్రాలకు మేతగా వేసింది కూడా యవలే.

యవలు చౌకగా దొరకడానికి కారణం నేలలో ఉంది. వాన తక్కువైనా, నేలలో ఉప్పు ఉన్నా యవలు తట్టుకుంటాయి. గోధుమ తట్టుకోదు. పైగా యవలు ముందే పండుతాయి. నిరుటి ధాన్యం అడుగంటిన బీద ఇంటికి ఆ కొన్ని వారాలే ప్రాణాధారం. అయిదువేలమందికి పెట్టిన అయిదు రొట్టెలు యవల రొట్టెలని చెప్పేది యోహాను సువార్త ఒక్కటే. వాటిని తెచ్చిన చిన్నవాడు ఎలాంటి ఇంటి నుంచి వచ్చాడో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

ఏ నెలలో ఏ పంట? పండుగలకూ కోతకూ సంబంధం ఏమిటి?

విడదీయలేని సంబంధం. 1908లో గెజెరు తవ్వకాల్లో అరచేతిలో ఇమిడేంత సున్నపురాతి పలక ఒకటి దొరికింది. క్రీస్తుపూర్వం 10వ శతాబ్దానిది. ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. ఏడాది మొత్తాన్ని అందులో పొలం పనులతోనే లెక్కగట్టారు: రెండు నెలలు పంట కూర్చడం, రెండు నెలలు విత్తడం, రెండు నెలలు కడవరి విత్తు, ఒక నెల అవిసె కోత, ఒక నెల యవల కోత, ఒక నెల మిగతా కోత, రెండు నెలలు ద్రాక్ష పని, ఒక నెల వేసవి పండ్లు.

తొలకరి వాన అక్టోబరు చివర్లో గానీ నవంబరులో గానీ పడుతుంది. దుక్కి దున్ని విత్తేది అప్పుడే. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లలో పడి గింజను నింపుతుంది. యవలు పస్కా నాటికి, అంటే ఐగుప్తు నుంచి విడుదలను తలచుకునే ఆ పండుగ వచ్చే మార్చి, ఏప్రిల్‌లలో కోతకొస్తాయి. మొదటి పనను దేవుని సన్నిధిని అల్లాడించేదాకా కొత్త ధాన్యం ఏ రూపంలోనూ తినకూడదని లేవీయకాండము 23వ అధ్యాయం నియమం. అక్కడి నుంచి 50వ రోజుకు గోధుమ కోత, దానితో పాటే వారముల పండుగ. అదే పెంతెకొస్తు. రూతు బేత్లెహేముకు వచ్చింది యవల కోత మొదలైనప్పుడు. గోధుమ కోత ముగిసేదాకా ఆమె పరిగె ఏరుకుంది. అది రెండు పండుగల మధ్య ఉన్న కాలమే.

నిర్గమకాండములో వడగండ్లకు యవలు పాడయ్యాయి గానీ గోధుమలు పాడవలేదు అని చదువుతాం. ఆ రైతు లెక్క కచ్చితమైనది. యవలు వెన్ను వేసిన సమయానికి గోధుమలు ఇంకా పొట్టలోనే ఉంటాయి. లేత మొక్క వడగండ్లకు వంగినా మళ్లీ లేస్తుంది.

బైబిలులోని తిరగలి మన తిరగలి లాంటిదేనా?

యేసు కాలానికైతే గుండ్రంగా తిరిగే రాళ్లు వచ్చేశాయి. కపెర్నహూము శిథిలాల్లో నల్లరాతి తిరగళ్లు ఇప్పటికీ చూడవచ్చు. కానీ న్యాయాధిపతుల కాలంలో, రాజుల కాలంలో ఇంట్లో ఉన్నది వేరు. కింద కాస్త పల్లంగా ఉన్న పొడవాటి రాయి, మీద రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ తోసే రాయి. మన సన్నెకల్లు, పొత్రం ఉన్నట్టే. మోకాళ్ల మీద కూర్చుని తోయాలి. తేబేసులో ఒక స్త్రీ అబీమెలెకు తల మీదకి విసిరింది ఈ మీదిరాయినే. ఒక మనిషి ఎత్తి విసరగలిగిన బరువే కాబట్టి అది సాధ్యమైంది.

ఐదారుగురున్న ఇంటికి రోజుకు సరిపడా పిండి కావాలంటే రెండు మూడు గంటలు విసరాలని అంచనా. పిండి నిలవ ఉంచితే ముక్కిపోతుంది కాబట్టి ఈ పని రోజూ తప్పదు. తిరగలిని గానీ దాని మీదిరాయిని గానీ తాకట్టు పట్టకూడదని ద్వితీయోపదేశకాండము 24:6 చెప్పడం అందుకే. ఆ రాయి పోతే ఆ పూట రొట్టె లేదు. నల్లరాయికి గిరాకీ ఎక్కువ. అందులోని చిన్న చిన్న బుడగల వల్ల అరిగేకొద్దీ కొత్త పదును వస్తుంది. సున్నపురాయైతే పిండిలోకి ఇసకలా రాలి పళ్లు అరగదీస్తుంది.

పులిపిండి అంటే ఈస్టేనా?

కొట్లో అమ్మే పొడి ఈస్టు కాదు. నిన్నటి ముద్దలో కొంత తీసి దాచి, ఇవాళ్టి పిండిలో కలిపేది పులిపిండి. గింజ మీద, పిండిలో సహజంగా ఉండే ఈస్టులూ, పులుపు పుట్టించే బాక్టీరియాలూ అందులో కలిసి బతుకుతాయి. ఈస్టు విడిచే వాయువు ముద్దను పొంగిస్తుంది. బాక్టీరియా పుట్టించే ఆమ్లం చెడు క్రిములను రానివ్వదు, రొట్టె బూజు పట్టడాన్నీ ఆలస్యం చేస్తుంది. చిటికెడు చాలు, వేళ మాత్రం ఎక్కువ కావాలి. కొంచెం పులిపిండి ముద్దంతటినీ పులియజేస్తుందని పౌలు రెండు పత్రికల్లో రాసింది ఏ ఇంటి ఇల్లాలికైనా తెలిసిన సంగతి.

పులిపిండి అంటే పాపానికి గుర్తు అంటారు. ఎప్పుడూ అంతేనా?

కాదు. ఈ ఒక్క విషయంలో మన ప్రసంగాలు తొందరపడుతున్నాయి. పస్కాలో పులిసినది నిషిద్ధం. బలిపీఠం మీద దహించే నైవేద్యంలోనూ పులిపిండి, తేనె నిషిద్ధం, ఉప్పు తప్పనిసరి. పరిసయ్యుల పులిపిండి గురించి యేసు హెచ్చరించాడు కూడా. కానీ పెంతెకొస్తున తెచ్చే రెండు రొట్టెలను పులిపిండి వేసి కాల్చమని లేవీయకాండము 23:17 స్వయంగా ఆజ్ఞాపిస్తుంది. కృతజ్ఞతాబలితో పాటు పులిసిన రొట్టె తెమ్మని 7:13 చెబుతుంది. పరలోకరాజ్యాన్ని యేసు, ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో దాచిన పులిపిండితోనే పోల్చాడు. పులియడం కంటికి కనబడకుండా లోపల జరిగి మొత్తాన్ని మార్చేస్తుంది. ఆ మార్పు మంచికా చెడుకా అన్నది సందర్భం చెప్పాలి.

ఆ ఉపమానంలో "మూడు కుంచముల పిండి" అంటే ఎంత?

దాదాపు ఒక ఏఫా, 22 లీటర్లు. తూకంలో సుమారు 12 కిలోల పిండి. నీళ్లు పోసి పిసికితే 19 కిలోల ముద్ద అవుతుంది. తలా 160 గ్రాముల చొప్పున వందమందికి సరిపోయే రొట్టె. ఒక ఇంటి పూటభోజనం కాదిది, ఊరి విందు. మమ్రేలో ముగ్గురు అతిథులు వచ్చినప్పుడు అబ్రాహాము శారాతో పిసకమన్నదీ ఇంత పిండే. యేసు చెప్పింది విన్నవాళ్లకు ఆ కొలత వినగానే ఆ విందు గుర్తొచ్చి ఉండాలి.

పస్కా రొట్టెకు 18 నిమిషాల నియమం ఎక్కడిది?

బైబిలులో లేదు, రబ్బీల సంప్రదాయంలో ఉంది. పిండికి నీళ్లు తగిలి, ఒక మైలు (అప్పటి మైలు మనదానికంటే చిన్నది) నడిచేంత సేపు కదపకుండా వదిలేస్తే పులియడం మొదలైనట్టే లెక్క అన్నారు. ఆ సేపునే 18 నిమిషాలుగా స్థిరపరిచారు. ఇప్పుడు పస్కా రొట్టె, అంటే మాట్సా, తయారయ్యే చోట నీళ్లు పోసిన క్షణం నుంచి రొట్టె కాలేదాకా అంతా ఆ గడువులో ముగించేస్తారు.

మిగతా నియమాలూ అంత కచ్చితమే. పిండి అయిదు ధాన్యాల్లో ఒకదానిది అయి ఉండాలి: గోధుమ, యవలు, స్పెల్ట్, రై, ఓట్స్. పులియగలిగే ధాన్యంతో చేసి పులియనివ్వకుండా ఆపడమే ఆజ్ఞ. బియ్యప్పిండితో చేస్తే అది మాట్సా కాదు. నీళ్లు సాయంత్రం తోడి రాత్రంతా చల్లగా ఉంచినవి కావాలి, ఎందుకంటే వెచ్చని నీళ్లు పులుపును తొందరపెడతాయి. కర్రలు, బల్లలు ప్రతి విడతకూ శుభ్రం చేస్తారు, అంటుకున్న పాత ముద్ద కొత్త ముద్దను చెడగొడుతుందని. పైన పొడిచే బెజ్జాలు ఆవిరి బయటికి పోయి రొట్టె ఉబ్బకుండా ఉండటానికి. ఐరోపా యూదుల మాట్సా అప్పడంలా పెళపెళలాడుతుంది గానీ యెమెన్, ఇరాక్ యూదుల సంప్రదాయంలో మెత్తగా, మడత పడేలా ఉంటుంది. పాత రూపం రెండోదానికే దగ్గరని మా అభిప్రాయం. చేదుకూరలతో చుట్టుకుని తినాలంటే మెత్తగా ఉండాలి కదా.

ఇంట్లో పులియని రొట్టె ఎలా చేయాలి?

సంఘంలో ప్రభు బల్లకైనా, పిల్లలకు పస్కా పాఠం చెప్పడానికైనా ఈ కొలత సరిపోతుంది. ఎనిమిది చిన్న రొట్టెలు వస్తాయి. యూదుల నియమం ప్రకారం పర్యవేక్షణలో చేసిన మాట్సాకు ఇది బదులు కాదు.

గోధుమపిండి 200 గ్రాములు, చల్లని నీళ్లు 110 మిల్లీలీటర్లు. ఉప్పు, నూనె వద్దు. ముందు ఓవెన్‌ను అది వెళ్లగలిగినంత వేడికి, 250 డిగ్రీలకు, లోపల ఒక మందపాటి ఇనుప పెనం పెట్టి అరగంట కాగనివ్వండి. ఓవెన్ లేకపోతే పొయ్యి మీద పెనం బాగా కాగాలి. పొయ్యి సిద్ధమయ్యాకే నీళ్లు పోయండి. గడియారం చూసుకోండి. మూడు నిమిషాలు గట్టిగా పిసకండి. ఎనిమిది ఉండలు చేసి పొడిపిండి తక్కువగా వాడుతూ మిల్లీమీటరున్నర మందానికి ఒత్తండి. ఫోర్కుతో వేలెడు దూరానికొక వరుస చొప్పున ఈ చివర నుంచి ఆ చివరకు, అడుగుదాకా దిగేలా పొడవండి. ఓవెన్‌లో 3 నుంచి 4 నిమిషాలు, పెనం మీదైతే రెండు వైపులా నిమిషమున్నర చొప్పున కాల్చండి. ఒకరే చేస్తుంటే గడువు దాటుతుంది. ఒకరు ఒత్తితే ఒకరు పొడవాలి, మరొకరు కాల్చాలి.

ఎక్కడ చెడుతుంది? పుల్కాలా ఉబ్బిందంటే బెజ్జాలు సరిగా దిగలేదు. తోలులా సాగిందంటే పెనం కాగకముందే వేశారు. నడుమ పచ్చిగా, అంచులు మాడి ఉంటే మందం సమంగా లేదు. చల్లారాక రాయిలా అయితే పొడిపిండి ఎక్కువైంది లేదా అతిగా కాలింది. బల్ల దగ్గర విరవడానికి పెళుసుగా కావాలంటే, కాల్చినవి ఆపేసిన ఓవెన్‌లో పది నిమిషాలు వదిలేయండి.

ప్రభు బల్లకు పులియని రొట్టే వాడాలా?

సంఘాలు ఒక్కమాట మీద లేవు. మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారం కడరాత్రి భోజనం పస్కా భోజనం, కాబట్టి రొట్టె పులియనిది. యోహాను సువార్తలో అది పస్కాకు ముందు. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాలు పులిసిన రొట్టెనే వాడతాయి, పొంగిన రొట్టెలో పునరుత్థాన జీవం చూస్తాయి. రోమన్ కతోలికులు పులియనిది వాడతారు. అర్మేనియా సంఘం తూర్పుదే అయినా పులియనిదే వాడుతుంది. 1054లో తూర్పు, పడమర సంఘాలు తెగిపోయినప్పుడు నడిచిన వాదాల్లో ఈ రొట్టె ఒకటి. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో స్లైస్ బ్రెడ్డు, బిళ్లలు, ఇంట్లో చేసిన పులియని రొట్టె మూడూ ఉన్నాయి. మీ సంఘ క్రమం ఏదో అదే పాటించండి. ఏది వాడినా ఒకే రొట్టె విరిచి పంచితే పౌలు చెప్పిన "రొట్టె యొక్కటే" అన్న మాట కళ్లముందు నిలుస్తుంది.

పస్కా గొర్రెపిల్లను ఇప్పటికీ ఎవరైనా బలి ఇస్తారా?

యూదులు ఇవ్వరు. క్రీ.శ. 70లో దేవాలయం కూలిన తరువాత ఆ బలి ఆగింది. పస్కా పళ్లెంలో ఒక కాల్చిన ఎముక గుర్తుగా మిగిలింది. సమరయులు మాత్రం ఇస్తారు. నాబ్లుస్ పట్టణం పక్కన గెరిజీము కొండ మీద, టెల్ అవీవ్ దగ్గర హోలోనులో కలిపి వాళ్లు వెయ్యిమందికి లోపే. ఏటా పస్కా సాయంత్రం అంతా కొండ మీద చేరతారు. వాళ్ల పంచాంగం వేరు కాబట్టి తేదీ యూదుల పస్కాతో ప్రతిసారీ కలవదు. నేలలో తవ్విన లోతైన గుంతల్లో గంటల తరబడి కట్టెలు కాలుస్తారు. సూర్యాస్తమయానికి గొర్రెలను వధించి, ఉప్పు పట్టించి, పొడవాటి కర్రలకు గుచ్చి, ఒకేసారి గుంతల్లోకి దించి, పైన కప్పి మట్టితో మూస్తారు. గాలి ఆడకుండా మూయడమే కీలకం. సందు ఉంటే మంట లేచి పైభాగం మాడిపోతుంది. అర్ధరాత్రి దగ్గర్లో తీసి పులియని రొట్టె, చేదుకూరలతో త్వరత్వరగా తింటారు. మిగిలింది కాల్చేస్తారు. నిర్గమకాండము 12వ అధ్యాయాన్ని ఇంత దగ్గరగా చూడగలిగే చోటు మరొకటి లేదు.

పస్కా ఎంత దూరం వెళ్లిందో చెప్పే పాత ఆధారం ఈజిప్టులోని ఎలిఫంటైన్ దీవిలో దొరికింది. క్రీ.పూ. 419 నాటి అరామిక్ ఉత్తరం అది. అక్కడి యూదు సైనికులకు నీసాను నెల 15 నుంచి 21 దాకా పులియని రొట్టెల దినాల గురించి రాశారు. తెలుగునేల మీద కూడా గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిము సమాజం పస్కా ఆచరిస్తుంది.

తన్నూరు, తాబూను, సాజు: ఈ పొయ్యిల తేడా ఏమిటి?

తన్నూరు నిలువుగా ఉండే మట్టి గొట్టం. లోపల అడుగున మంట పెట్టి, గోడ కాగాక రొట్టెను లోపలి గోడకు చరుస్తారు. తవ్వకాల్లో దొరికే ఇలాంటి పొయ్యిల బయటివైపు కుండపెంకులు అతికించి ఉంటాయి, వేడి నిలవడానికి. మట్టిలో గడ్డి కలిపి చేస్తారు. గడ్డి లేకపోతే వేడికి పగులుతుంది.

తాబూను పాలస్తీనా పల్లెల పొయ్యి. నేల మీద బోర్లించిన మట్టి గుమ్మటం, పైన మూత. అడుగున గులకరాళ్లు పరిచి ఉంటాయి. వాటి మీదే రొట్టె వేస్తారు, అందుకే కింద గుంతలు పడుతుంది. మంట లోపల కాదు, బయట. పేడ పిడకలు, ఒలీవ నూనె తీశాక మిగిలిన పిప్పి చుట్టూ పోసి రాత్రంతా రగలనిస్తారు. సాజు అంటే బోర్లించిన ఇనుప పెనం. గుడారాల్లో తిరిగే వాళ్లకు ఇదే అనువు.

కరవు కాలంలో పదిమంది స్త్రీలు ఒక్క పొయ్యిలో రొట్టె కాలుస్తారని లేవీయకాండము 26:26 అంటుంది. మామూలు రోజుల్లో ఒక పొయ్యి కొద్ది ఇళ్లదే. పదిళ్ల పిండి ఒకే పొయ్యికి సరిపోయిందంటే పిండే లేదన్నమాట.

ఇంట్లో తాబూను రొట్టె కావాలంటే ఓవెన్ పళ్లెంలో నున్నటి గులకరాళ్లు ఒక వరుస పరిచి వాడవచ్చు. జాగ్రత్త: ఏటి రాళ్లలో తడి ఉంటే వేడికి పేలతాయి. రెండు మూడు రోజులు ఎండబెట్టి, చల్లని ఓవెన్‌లో పెట్టి నెమ్మదిగా వేడి పెంచండి.

యవల రొట్టె ఇంట్లో చేస్తే విరిగిపోతోంది. ఎందుకు?

యవల్లో పిండిని పట్టి ఉంచే జిగురు చాలా తక్కువ. కర్రతో ఒత్తితే అంచులు చీలతాయి. బార్లీ పిండి 200 గ్రాములకు గోధుమపిండి 100, ఉప్పు 5 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు 200 నుంచి 210 మిల్లీలీటర్లు. బార్లీ నీళ్లను ఆలస్యంగా పీల్చుకుంటుంది. మొదట జారుగా అనిపించినా పిండి కలపకండి, 20 నిమిషాలు మూతపెట్టి ఉంచండి. తరువాత తడిచేత్తో అర సెంటీమీటరు మందానికి తట్టి, మధ్యస్థ మంట మీద రెండు వైపులా మూడేసి నిమిషాలు కాల్చండి. పూర్తిగా యవలతోనే చేయాలంటే మరిగే నీళ్లు పోసి కలిపి, జొన్నరొట్టెను చరిచే పద్ధతిలోనే చరచాలి. వేడిగా ఉన్నప్పుడే తినేయాలి, చల్లారితే గట్టిపడుతుంది. కొట్లో దొరికే తెల్లటి బార్లీ గింజలు పొట్టు, తవుడు తీసినవి. అవి విసిరితే రొట్టె పేలవంగా ఉంటుంది. పొట్టు మాత్రమే తీసి తవుడు ఉంచిన గింజలు దొరికితే అవి తెచ్చి మరలో ఆడించండి.

పులిపిండిని మొదటి నుంచి ఎలా తయారు చేయాలి?

తవుడుతో ఉన్న గోధుమపిండి 50 గ్రాములు, క్లోరిన్ లేని నీళ్లు 50 గ్రాములు గాజు సీసాలో కలిపి, మూత వదులుగా పెట్టండి. రెండో రోజు నుంచి అందులో 25 గ్రాములు ఉంచి మిగతాది తీసేసి, మళ్లీ 50 పిండి, 50 నీళ్లు కలపండి. మన ఎండాకాలంలో 35 డిగ్రీలు దాటితే రోజుకు రెండుసార్లు. రెండో మూడో రోజున గభాలున పొంగి చెడువాసన వస్తుంది. అది ఈస్టు కాదు, తొలి బాక్టీరియా. నాలుగో రోజున చప్పబడిపోతుంది. చాలామంది చచ్చిపోయిందని ఇక్కడే పారబోస్తారు. ఆపకండి. ఆమ్లం పెరిగాక అసలు ఈస్టు లేస్తుంది. తిండి వేసిన నాలుగు నుంచి ఆరు గంటల్లో రెట్టింపయి పుల్లటి పండు వాసన వస్తే సిద్ధమైనట్టు. గులాబీ, నారింజ రంగు చారలు గానీ బూజు గానీ కనిపిస్తే మాత్రం మొత్తం పారేయాలి.

రొట్టెకు పిండి 500 గ్రాములు, నీళ్లు 330, పులిపిండి 100, ఉప్పు 9. వేసవిలో నాలుగు గంటలు, చలికాలంలో ఎనిమిది దాకా పొంగనివ్వండి. ఆరు ఉండలు చేసి, అరగంట ఆగి, చేత్తో పరిచి, బాగా కాగిన రాళ్ల మీద ఆరేడు నిమిషాలు కాల్చండి.

"యెహెజ్కేలు రొట్టె" అని అమ్మేది ఆరోగ్య రహస్యమా?

యెహెజ్కేలు 4వ అధ్యాయం ఆరోగ్యం గురించి కాదు, యెరూషలేము ముట్టడి గురించి. గోధుమలు చాలక యవలు, కాయధాన్యాలు, చిరుధాన్యాలు, ఏది దొరికితే అది ఒకే పాత్రలో వేసి రొట్టె చేసుకునే దుస్థితికి అది సూచన. రోజుకు 20 షెకెల్లు, అంటే 230 గ్రాముల లోపు. శక్తి లెక్కలో 600 క్యాలరీలకు అటూఇటూ. నీళ్లు హిన్ను అనే కొలతలో ఆరోవంతు, సుమారు 600 మిల్లీలీటర్లు. ధాన్యం, పప్పు కలిపి తింటే మాంసకృత్తులు మెరుగవుతాయన్నది నిజమే. కానీ ఆ వచనాన్ని ఆహార సలహాగా అచ్చువేయడం ఆకలితో చచ్చిన యెరూషలేము వాసుల బాధను తుడిచేయడమే.

రొట్టెతో పాటు ఏం తినేవారు?

ముఖ్యంగా ఒలీవ నూనె. ఎక్రోనులో క్రీ.పూ. 7వ శతాబ్దపు నూనె గానుగలు వందకు పైగా బయటపడ్డాయి. కోతకాలంలో చిరక, అంటే పులిసిన ద్రాక్షారసం. రూతు తన ముక్క ముంచుకున్నది అందులోనే. ఉల్లి, వెల్లుల్లి, చిక్కుడు జాతి గింజలు, పెరుగు, అంజూరపు అడలు (ఎండు అంజూరాల ముద్దలు). ఖర్జూర పాకంతో పాటు తేనెటీగల తేనె కూడా ఉండేది. 2007లో తేల్ రెహోవ్ తవ్వకాల్లో మట్టి, గడ్డితో చేసిన సుమారు 30 తేనెగూళ్లు వరుసల్లో పేర్చినవి పేర్చినట్టే దొరికాయి. వయసు దాదాపు 2,900 ఏళ్లు. టమాటా, బంగాళదుంప, మిరప, మొక్కజొన్న మాత్రం లేవు. అవి అమెరికా ఖండాల నుంచి 1492 తరువాతే వచ్చాయి. క్రిస్మస్, ఈస్టరు నాటికల్లో బల్ల అలంకరించేవాళ్లు ఇది గమనించాలి.

ఇప్పటికీ అక్కడ ఉదయాన్నే రొట్టెను నూనెలో, తరువాత జాతర్ (ఒక సువాసన మొక్క ఆకులు, నువ్వులు కలిపిన) పొడిలో అద్దుకుంటారు. జాతర్ మొక్కను విపరీతంగా పీకేయడంతో 1977లో ఇశ్రాయేలు దాన్ని రక్షిత మొక్కగా ప్రకటించింది. బైబిలులోని హిస్సోపు ఇదేనని చాలామంది వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన దగ్గర దొరక్కపోతే ఎండు ఒరెగానో రెండు చెంచాలు, వేయించిన నువ్వులు రెండు, వాము పొడి పావు చెంచా, సుమాక్ (పుల్లటి ఎర్ర పొడి) ఒక చెంచా, ఉప్పు అర చెంచా కలపండి. వాము మోతాదు దాటితే మిగతా రుచులన్నీ మింగేస్తుంది.

సముఖపు రొట్టెలు ఎంత పెద్దవి?

ఇవి దేవుని సన్నిధిలో బల్ల మీద ఉంచే రొట్టెలు. ఒక్కోదానికి ఏఫాలో పదింట రెండు వంతుల పిండి, సుమారు 2.4 కిలోలు. పన్నెండుకు దాదాపు 29 కిలోలు, ప్రతి విశ్రాంతిదినానికి కొత్తవి. దావీదు యాజకుడైన అహీమెలెకు దగ్గర అడిగిన అయిదు రొట్టెలు మనం అనుకునే చిన్న రొట్టెలు కావు.

యాత్రలో ఇవన్నీ ఎక్కడ చూడవచ్చు, తినవచ్చు?

పస్కా వారంలో వెళ్తే యూదుల హోటళ్లలో, దుకాణాల్లో పులిసిన రొట్టె దొరకదు. అరల మీద గుడ్డ కప్పేస్తారు. నజరేతు, బేత్లెహేము, యెరూషలేము పాత నగరంలోని అరబ్బు వీధుల్లో మాత్రం మామూలుగానే దొరుకుతుంది. పాత నగరపు ద్వారాల దగ్గర పొడవాటి కంకణంలా ఉండే నువ్వుల రొట్టె, కఅక్, అమ్ముతారు. కొన్నప్పుడు కాగితం పొట్లంలో జాతర్ అడిగి తీసుకోండి. పొద్దున్నే కొంటే మెత్తగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. తాబూను రొట్టె మీద ఉల్లి, సుమాక్, ఒలీవ నూనె, కోడితో చేసే ముసఖన్ బేత్లెహేము, రామల్లా భోజనశాలల్లో అడగండి. తిరగళ్లు కపెర్నహూములో ఉన్నాయి, అక్కడ ఆగినప్పుడు ప్రార్థనామందిరం చూసి వచ్చేయకుండా పక్కనే ఉన్న నల్లరాళ్ల దగ్గరికీ వెళ్లండి. గోలాను మీద కత్జ్రీన్ పాత ఊరిలో తిరిగి కట్టిన ఇల్లు, ఒలీవ గానుగ ఉన్నాయి. సమరయుల పస్కా చూడాలనుకుంటే ఆ ఏటి తేదీ ముందే కనుక్కోండి. దారులు మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నానికే కొండ మీదికి చేరాలి. ఏప్రిల్‌లోనైనా రాత్రి చలిగా ఉంటుంది, స్వెట్టర్ తీసుకెళ్లండి.